విద్యార్థిపోషకుడు శాహు ఛత్రపతి మహారాజు

మన సంఘమువారు ఏటేట మహాసభాసందర్భమున ప్రచురించు సంచికయందు మహాపురుషులలో నొకరి చరిత్రమును స్మరించుట ఆచారముగా వచ్చుచున్నది. ఈ సంవత్సరము మేము కొల్హాపుర సంస్థానాధీశ్వరుడైన శాహు ఛత్రపతి మహారాజుగారి చరిత్రమును గ్రహించితిమి. ఆయన మన కులమువాడు కాడు. మన భాషవాడును కాడు. అయినను విద్యార్థులకొఱకు ధనము కూడబెట్టుచున్న కులసంఘము ముందుగా ఎవరి చరిత్రమును చదువవలయునని మమ్ము అడిగినచో, ఈయన చరిత్రమునే చూపుదుము. పేదవాని బిడ్డ ఉన్నతవిద్యకు రావలయునన్న రాజ్యము చేయవలసినదేమి, కులము చేయవలసినదేమి అను ప్రశ్నకు ఈ ప్రభువు ఇరువదియెనిమిది సంవత్సరముల పాలనమున చేతలచేతనే సమాధానము చెప్పెను.

జననము, విద్యాభ్యాసము

పంచగంగానదీతీరమున మహాలక్ష్మీక్షేత్రముగా ప్రసిద్ధికెక్కిన కొల్హాపురము ఒక మహారాష్ట్ర సంస్థానమునకు రాజధాని. శివాజీ మహారాజుగారి కోడలైన తారాబాయి నిలిపిన రాజశాఖ అచ్చట వెలసి, 1731వ సంవత్సరమున జరిగిన వార్ణా సంధిచేత సాతారానుండి వేఱుపడి స్థిరపడెను. ఆ శాఖయందు 1883వ సంవత్సరాంతమున రాజుగానున్న శివాజీ మహారాజు సంతానము లేకయే అహమదునగరమున నిర్బంధములో మృతినొందగా, రాణి ఆనందీబాయి కాగల్ జాగీర్దారులైన ఘాట్గేవారి బాలుని దత్తు చేసికొనెను. ఆ బాలుడే మన చరిత్రనాయకుడు.

ఆయన 1874వ సంవత్సరము జూన్ 26వ తేదీన జన్మించెను. జన్మనామము యశవంతరావు. తండ్రి జయసింగరావు ఆబాసాహెబు, తల్లి రాధాబాయి. మూడేండ్ల ప్రాయమున తల్లిని గోల్పోయెను. 1884వ సంవత్సరము మార్చి 17వ తేదీన దత్తస్వీకారము జరిగి, శాహు అను నామముతో సింహాసనమునకు వారసుడయ్యెను. మఱి రెండేండ్లకు జనకుడును స్వర్గస్థుడయ్యెను. రాజ్యము లభించినదిగాని, తల్లిదండ్రుల లాలన ఆయనకు చిరకాలము లభింపలేదు.

రాజకోటలోని రాజకుమార కళాశాలయందు కొంతకాలము, పిదప ధార్వాడయందు ఫ్రేజరు అను ఆంగ్లేయ విద్యాధికారి శిక్షణమున కొంతకాలము ఆయన చదువుకొనెను. 1891వ సంవత్సరమున బరోడాకు చెందిన ఖాన్విల్కరుల ఆడపడుచు లక్ష్మీబాయిని వివాహమాడెను. 1894వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన, ఇరువదియేండ్లు నిండకముందే, రాజ్యభారమును స్వయముగా వహించెను. భారీశరీరుడు, మల్లవిద్యయన్నను వేటయన్నను మిక్కిలి మక్కువ గలవాడు. రైతుతో రైతువలె కూర్చుండి మాటలాడుట ఆయనకు సహజగుణము.

కొలువులోని చిత్రము

పట్టాభిషిక్తుడైన యువకునకు తన కొలువుకూటమే మొదటి పాఠమును నేర్పెను. సంస్థానమున సాధారణ పరిపాలనకు సంబంధించిన 71 ఉద్యోగములలో 60 బ్రాహ్మణులచేతనే నిండియుండెను. పన్ను కట్టు రైతు, సైన్యమున చేరు సిపాయి, మగ్గము నేయువాడు, తోలుపని చేయువాడు, వీరి బిడ్డలకు ఆ కచ్చేరీలో చోటు లేదు. ఇందుకు కారణమడిగినచో చదివినవారు లేరనుట జవాబు. చదివినవారేల లేరని ఆయన మఱియొక ప్రశ్న వేసికొనెను. ఆయన గొప్పతనమంతయు ఆ రెండవ ప్రశ్నలోనే యున్నదని మా నమ్మకము.

కొల్హాపురమున ఉన్నతవిద్యకు సాధనము లేకపోలేదు. రాజారామ కళాశాల 1880వ సంవత్సరమునాటికే ఏర్పడియుండెను. దానిని నడుపు ధనము రాజ్యధనమే. రాజ్యధనమనగా రైతు చెమట. కాని ఆ రైతుబిడ్డ కళాశాల మెట్టెక్కుటకు మూడు ఆటంకములుండెను. మొదటిది జీతము, అనగా మనవారు నేడు రుసుమని వ్యవహరించునది. రెండవది పట్టణమున తలదాచుకొను చోటును, రెండుపూటల అన్నమును. మూడవది చదివి ఏమి లాభమను నిరాశ. ఈ మూడింటిలో మొదటిదానినే లోకులు చూతురు. రెండవదానిని తఱుచుగా మఱతురు. మూడవదానిని మాటలాడుటకే వెనుదీయుదురు. శాహు మహారాజు మూడింటిని కలిపి చూచెను.

రెండవ ఆటంకమును గూర్చి ఒక మాట విశదముగా చెప్పవలసియున్నది. మన దేశమున పేద బ్రాహ్మణ విద్యార్థులు వారములు చెప్పుకొని, దినమునకొక యింట భుజించుచు చదివి పైకి వచ్చిన కథలు మన పెద్దలందఱు ఎఱుగుదురు. మహారాష్ట్రమునను మధుకరము మొదలగు ఆచారములుండెను. ఆ గృహస్థుల దయ ఎంతయు కొనియాడదగినది. కాని సాగుకులములబిడ్డకు, చేతిపనులవారి బిడ్డకు, అంతకంటె దిగువవాడని త్రోయబడినవాని బిడ్డకు ఆ వాకిండ్లు తెఱువబడలేదు. వానికి జీతము మొత్తముగా మాఫీ చేసినను, పట్టణమున రాత్రి పడుకొనుటకు అరుగైనను దొరకనపుడు ఆ మాఫీ ఎవరికి ఉపకరించును?

వసతిగృహములు

ఈ కష్టమును తొలగించుటకై 1896వ సంవత్సరమున మహారాజుగారు కొల్హాపురమున అన్ని కులముల విద్యార్థులకును ఉమ్మడిగా నొక వసతిగృహమును నెలకొల్పించిరి. ఉద్దేశము ఉత్తమము. ఫలము మాత్రము వేఱైనది. కొలది కాలములోనే అది ఒక్క బ్రాహ్మణ విద్యార్థులకే ఉపయోగపడునదిగా పరిణమించెను. ద్వారమందఱికి తెఱచియున్నదని పలకపై వ్రాసినంతమాత్రమున, లోపలికి వచ్చు ధైర్యము అందఱికి కలుగదని ఆయన గ్రహించెను.

అంతట మార్గమును మార్చెను. 1901వ సంవత్సరమున మరాఠా విద్యార్థులకై విక్టోరియా మరాఠా వసతిగృహము ఏర్పడెను. సంస్థానోద్యోగియు విద్యాధికుడునైన భాస్కరరావు జాధవు మొదలగువారు ఇట్టి కార్యములయందు ఆయనకు కుడిభుజముగా నిలిచిరి. ఆ సంవత్సరముననే జైనులకు, 1906వ సంవత్సరమున మహమ్మదీయులకు, 1907వ సంవత్సరమున వీరశైవ లింగాయతులకు, 1908వ సంవత్సరమున అస్పృశ్యులని పిలువబడిన వర్గములవారికి వసతిగృహములు వెలసెను. మహమ్మదీయుల విద్యాసంఘమునకు మహారాజుగారు తామే అధ్యక్షులైరి. కుట్టుపనివారైన నామదేవ కులస్థులు, స్వర్ణకారులైన దైవజ్ఞులు, సారస్వతులు, నేతపనివారైన దేవాంగులు, క్రైస్తవులు మున్నగువారికిని క్రమముగా గృహములేర్పడినవి. అట్లు కొల్హాపురము విద్యార్థివసతిగృహములకు పుట్టినిల్లను ఖ్యాతి పొందెను. నాసికు, పూనా మొదలగు ఇతర పట్టణములలోని వసతిగృహములకును ఆయన చేయూత లభించెను.

ఈ గృహముల నడకను మన సంఘపోషకులు గమనింపవలెనని ప్రార్థన. రాజ్యము స్థలమునిచ్చెను; కట్టడమునకు సాయపడెను; ఏటేట ద్రవ్యమునిచ్చెను. మిగిలిన చందాలను వసూలుచేయుట, వంటశాలను నడుపుట, బాలుర నడవడికను కనిపెట్టుట ఆయా సంఘముల పెద్దలు చేసికొనిరి. అంతయు రాజే చేసినచో ప్రజలకు బాధ్యత తెలియదు. అంతయు కులమే చేసికొనవలెనన్నచో బీదకులము ఎన్నటికిని లేవజాలదు. ఈ రెంటికి నడుమ ఆయన త్రోవ తీసెను. అస్పృశ్యవర్గముల విద్యార్థులకు చదువు ఉచితము చేయించి, విద్యార్థివేతనముల నిప్పించెను. కృష్ణాబాయి కేళవకరు అను విదుషి సంస్థానపు విద్యార్థివేతనముతో వైద్యవిద్య నభ్యసించి కొల్హాపురమున వైద్యురాలై ప్రజలకు సేవచేసెను. రాజ్యధనము ఒక్క విద్యార్థినిపై వెచ్చించిన, అది ఊరంతటికి తిరిగివచ్చుటకు ఇది నిదర్శనము.

వేదోక్తవివాదము

ఈ నడుమనే ఆయన జీవితమున గొప్ప సంఘర్షణము జరిగెను. 1899వ సంవత్సరమున కార్తికమాసమున మహారాజుగారు పంచగంగాస్నానమునకు పోయినపుడు, పురోహితుడు వేదమంత్రములను గాక పురాణోక్తమంత్రములను పఠించుచుండుట బయటపడెను. రాజు క్షత్రియుడు కాడనియు, వేదోక్తమునకు అర్హుడు కాడనియు ఆ పురోహితుని వాదము. శివాజీ మహారాజుగారి గద్దెపై కూర్చున్నవానికే ఇట్టి మాట వినవలసివచ్చెను. వివాదము సంవత్సరములకొలది సాగెను. పూనా పత్రికలు కొన్ని ఆయనను తీవ్రముగా విమర్శించెను. లోకమాన్య తిలకుగారంతటివారును ఈ విషయమున ఎదురుపక్షమున నిలిచిరి. తన ఆజ్ఞను పాటింపని రాజపురోహితుని యీనాము భూములను మహారాజుగారు జప్తు చేయించిరి. అటుపిమ్మట 1920వ సంవత్సరమున బ్రాహ్మణేతరులకు వైదికకర్మలను నేర్పు పాఠశాలను కొల్హాపురమున స్థాపించిరి.

గీర్వాణభాషయే మాకు జీవనాధారమైనది గావున ఈ విషయమున మా మనసులోని మాటను దాపక చెప్పెదము. శాస్త్రముయొక్క మహిమ దానిని దాచుటచేత పెరుగదు. దాచినకొలది అది దాచినవాని సొత్తుగా కనబడును; పంచినకొలది లోకముయొక్క సొత్తగును. శాహు మహారాజు సంస్కృతమును ద్వేషింపలేదు; దానికి వేసిన తాళమును ద్వేషించెను. తనకు ఒక తలుపు మూయబడగా ఆ బాధచేత ఇతరులకు పదిద్వారములను తెఱచెను. అవమానమును పగగా గాక ఉపకారముగా మార్చుకొనుట కొందఱికే సాధ్యము.

1902వ సంవత్సరపు ఆజ్ఞ

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమునకై మహారాజుగారు 1902వ సంవత్సరమున ఇంగ్లాండునకు ప్రయాణమైరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవపట్టమునొసగెను. ఆయన అచ్చట నుండగనే జూలై 26వ తేదీన కొల్హాపురమున ఒక ఆజ్ఞ వెలువడెను. ఖాళీయగు సంస్థానోద్యోగములలో నూటికి ఏబది వెనుకబడిన వర్గములవారికే ఈయవలెనని దాని సారము. హిందూదేశమున ఇట్టి ఏర్పాటులకు ఇది తొలి మేలుబంతులలో నొకటి.

ఈ ఆజ్ఞను ఉద్యోగముల పంపకముగా మాత్రమే చదువువారు దానిలోని హేతువును చూడరు. వెనుకబడిన వర్గములలో విద్యావ్యాప్తికి సంస్థానము చేసిన ప్రయత్నములు తగినంతగా ఫలింపలేదనియు, ఉన్నతవిద్యకు దక్కు ప్రతిఫలము కొందఱికే చెందుట అందుకు కారణమనియు, ఆ ప్రతిఫలము విరివిగా పంచబడినగాని జనులు చదువునకు ఉత్సహింపరనియు ఆజ్ఞలోనే విశదముచేయబడినది. అనగా ఆయన ఉద్యోగముకొఱకు చదువును గాక, చదువుకొఱకు ఉద్యోగమును పంచెను. మేము ముందు చెప్పిన మూడవ ఆటంకము ఇట్లు తొలగెను.

భావురావు పాటీలు కథ

1908వ సంవత్సరమున అస్పృశ్యవిద్యార్థులకై ఏర్పడిన గృహమునకు అప్పటి బొంబాయి గవర్నరు సర్ జార్జి క్లార్కుగారి కుమార్తె పేరిడబడెను. ఆ గృహప్రారంభోత్సవమునకు జైన వసతిగృహమున చదువుకొనుచున్న యువకుడొకడు పోయి వచ్చెను. అతడు కొల్హాపుర ప్రాంతమునందలి కుంభోజగ్రామస్థుడు. పేరు భావురావు పాటీలు. తిరిగివచ్చినంతనే స్నానముచేసి శుద్ధిపొందినగాని లోనికి రారాదని అతనిని నిర్బంధించిరి. అతడు నిరాకరించెను. అందుచేత వసతిగృహమునుండి వెడలగొట్టబడెను. అప్పుడా విద్యార్థికి రాజభవనముననే ఆశ్రయము లభించెను.

ఈ కథ చిన్నది, భావము పెద్దది. కులపు వసతిగృహము దిక్కులేని బాలునకు గూడిచ్చెను. ఆ గూడే ఆ బాలుడు మానవత్వము చూపగా అతనిని వీధిలోనికి త్రోసెను. ఒకే కట్టడము మెట్టుగాను గోడగాను కూడ నుండవచ్చును. శాహు మహారాజు దానిని మెట్టుగానే యెంచి కట్టించెను. దానిని గోడగా చేసికొన్న చోట, గోడకు వెలుపలనున్నవానిని తన యింటికి పిలుచుకొనెను.

ఆ భావురావు కాలక్రమమున 1919వ సంవత్సరమున రయత్ శిక్షణసంస్థను స్థాపించెను. 1924వ సంవత్సరమున సాతారాయందు అన్ని కులముల పేదబాలురు ఒకేచోట వండుకొని తిని, పనిచేసికొనుచు చదువుకొను వసతిగృహమును నెలకొల్పెను. 1927వ సంవత్సరమున మహాత్మాగాంధీగారు దానిని సందర్శించి, దానికి శాహు మహారాజుగారి పేరే పెట్టిరి. 1896వ సంవత్సరమున ప్రభువు తలపెట్టి సాధింపలేకపోయిన ఉమ్మడిగృహమును, ఆ ప్రభువు ఆశ్రయమున పెరిగిన విద్యార్థి ఇరువదియెనిమిదేండ్లకు సాధించెను. కులగృహములు నడుమనున్న మెట్లు, సర్వకులగృహము గమ్యము.

ఉత్తరజీవితము

కళాశాలకు త్రోవ ప్రాథమిక పాఠశాలనుండియే గదా. 1917వ సంవత్సరమున మహారాజుగారు సంస్థానమున ప్రాథమికవిద్యను ఉచితముగాను నిర్బంధముగాను చేసిరి. బిడ్డలను బడికి పంపని తలిదండ్రులకు జుల్మానా విధించిరి. 1919వ సంవత్సరమున అస్పృశ్యులకు వేఱుగానున్న పాఠశాలలను తీసివేసి, అందఱు పిల్లలు ఒకే బడిలో కూర్చుండవలెనని శాసించిరి. ఊరిలో గంగారాము కాంబళే అను అస్పృశ్యుడు తేనీటి అంగడి పెట్టుకొనగా, మహారాజుగారు స్వయముగా పోయి అచ్చట తేనీరు త్రాగిరి. చట్టము చేయలేని పనిని ఆ యొక్క లోటా చేసెను.

సొంత యింట దుఃఖము ఆయనను విడువలేదు. 1918వ సంవత్సరమున కుమారుడు శివాజీ వేటలో ప్రమాదమున మరణించెను. చిన్నవయసుననే వైధవ్యము పొందిన కోడలు ఇందుమతీదేవిని, అంతఃపురపు ఆచారములు అడ్డువచ్చినను లెక్కింపక, ఆయన చదివించెను. కుమారుని పేర మరాఠా విద్యార్థులకు మఱియొక వసతిగృహమును 1920వ సంవత్సరమున నెలకొల్పించెను. పుత్రశోకమునకు స్మారకముగా అన్నము పెట్టు గృహము వెలసెను.

1919వ సంవత్సరము ఏప్రిల్ మాసమున కాన్పురములో కూర్మి క్షత్రియ మహాసభ జరిగెను. మన మహాసభవంటిదే యది. ఒక సాగుకులమువారి వార్షికసమావేశము. దానికి అధ్యక్షత వహించిన శాహు మహారాజుగారికి ఆ సభవారే రాజర్షి బిరుదమునిచ్చిరి. ఏ రాజును ఈయని బిరుదమును కర్షకులు ఇచ్చిరి. మఱుసటి సంవత్సరము మార్చినెలలో కొల్హాపుర సంస్థానములోని మాణగావున జరిగిన సభలో డాక్టరు అంబేద్కరుగారిని ఆ వర్గములకు భావినాయకునిగా ఆయన ప్రజలకు చూపించెను. అంబేద్కరుగారి మూకనాయకపత్రికకు 2,500 రూపాయల నొసగెను. లండనులో వారి చదువునకును ధనసాహాయ్యము చేసెను.

ఆయనయందు లోపములెన్నువారు లేకపోలేదు. ఆంగ్లప్రభుత్వముతో సఖ్యముగా నుండెనని జాతీయవాదులు ఆక్షేపించిరి. కులములవారీగా గృహములు కట్టించి కులములను స్థిరపఱచెనని మఱికొందఱనిరి. రెండవ ఆక్షేపణకు భావురావు చరిత్రమే ప్రత్యుత్తరము. మొదటిదానికి, తన చేతనున్న అధికారమును ఎవరికొఱకు వినియోగించెనో చూచి తీర్పు చెప్పవలసినదని మాత్రమే మేము విన్నవింతుము.

1922వ సంవత్సరము మే 6వ తేదీన బొంబాయిలో ఆయన పరమపదించెను. నలువదియెనిమిదేండ్లు కూడ నిండలేదు.

మన కర్తవ్యము

తెలుగుదేశమునను వసతిగృహోద్యమము వర్ధిల్లినది. 1918వ సంవత్సరమున హైదరాబాదున నెలకొన్న రెడ్డి వసతిగృహము మొదలుకొని అనేక కులములవారు తమతమ బాలురకు గృహములను కట్టించుకొనిరి. ఆ గృహములనుండి న్యాయవాదులు, వైద్యులు, ప్రజానాయకులు వెలువడిరి. తరువాతి కాలమున కళాశాల జీతములభారమును ప్రభుత్వము వహించుట మొదలైనది. 2008వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున బోధనరుసుములను ప్రభుత్వమే చెల్లించు పథకము విరివిగా అమలులోనికి వచ్చి, లక్షలాది గృహములలో ఇంజనీరింగు, వైద్యము మున్నగు చదువులకు తొలిసారి దారి చూపినది.

దీనిని చూచి మన పోషకులలో కొందఱు, ఇంక కులసంఘమునకు విద్యానిధియేల యని అడుగుచున్నారు. మఱికొందఱు, రుసుమును సర్కారే భరించునపుడు మన ధనమును కల్యాణమండపమునకు మరల్చుదమనుచున్నారు. ఈ ప్రశ్నలకు కొల్హాపురముననే జవాబున్నది. రుసుము మాఫీయైనంతనే విద్య ఉచితము కాదు. గదికి అద్దె, భోజనము, పుస్తకములు, ఊరినుండి రాకపోకలు, పరీక్షలకు దరఖాస్తులు, వీటి మొత్తము ఎన్నియో యిండ్లలో రుసుమునకు మించును. అంతేగాక చదువుకొను నాలుగేండ్లు ఆ బిడ్డ సంపాదన లేకుండ కుటుంబము గడుపవలెను. బడిపంతులుగా బ్రతికిన మాకు, జీతము కట్టవలసిన పనిలేకున్నను అన్నములేక చదువు మానుకొన్న బాలుర ముఖములు గుర్తున్నవి. రాజ్యము కళాశాల తలుపు తెఱచిన నాడే, ఆ తలుపువఱకు బిడ్డను నడిపించు భారము కులముపై అధికమగును గాని తగ్గదు.

కావున మేము మహాసభవారికి మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: విద్యానిధిని కదల్పక, దానిని ప్రధానముగా వసతికిని భోజనమునకును వినియోగింపవలెను. రెండవది: ఊరుదాటి చదువుకొనవలసిన ఆడపిల్లలకు గృహము మొదట కట్టవలెను, మగపిల్లవాడు ఎచ్చటనైన తలదాచుకొనవచ్చును, ఆడపిల్ల చదువు గది దొరకకయే ఆగిపోవును. మూడవది: మన గృహమున పదింట రెండు స్థానములైనను ఇతరకులముల బీదవిద్యార్థులకు ఉంచి, వారిని మన బిడ్డలతో ఒకే పంక్తిని కూర్చుండబెట్టి భోజనము పెట్టవలెను.

మూడవ విన్నపము కొందఱికి రుచింపకపోవచ్చును. మన చందాలు మన బిడ్డలకే గదా యని వాదింతురు. అట్టివారు, స్నానము చేసినగాని లోనికి రాకూడదని నిలువరింపబడిన భావురావును ఒక్కసారి తలచుకొందురుగాక. ఆ వాకిట నిలిచినది ఆ గృహమువారి బిడ్డయే. పరులకు అడ్డముగా కట్టిన గోడ తమ బిడ్డకే అడ్డమైనది.

శాహు ఛత్రపతి మహారాజు రాజ్యధనమును ప్రజలబిడ్డల చదువునకు వెచ్చించెను. కులధనమును దానికి తోడుచేయించెను. కులమును గమ్యముగా గాక మార్గముగా చూచెను. మన సంఘము ఆ మార్గమున నడచి, మన వసతిగృహపు పొయ్యి ఆఱకుండ మండుచు, అచ్చట తిని చదివిన బిడ్డలు రేపు పరులబిడ్డలకు అన్నము పెట్టువారగుదురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.